తూము తీసేదెవరు?

మా అమ్మమ్మగారి ఊరు చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పల్లె. ఊరికి పడమట చెరువు, చెరువు కింద ఆయకట్టు. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలి, ముందు ఎవరికి, తరువాత ఎవరికి, కరువు ఏడాది వస్తే ఎవరి వంతు ఎంత తగ్గాలి అన్నవన్నీ ఎప్పుడో పెద్దలు కట్టిన కట్టుబాట్లు. కాగితం మీద ఉండేవి కావు గానీ ప్రతి రైతుకూ కంఠతా వచ్చు. ఆ కట్టుబాటును నడిపించేవాడు నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు. భుజాన పార వేసుకుని, తెల్లవారుజామునే తూము తీసి, కాలువ గట్లు చూసుకుంటూ, ఒక మడి తడవగానే రెండో మడికి మళ్ళించేవాడు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మేర ఆయనకు తీసి పక్కన పెట్టేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు సంక్రాంతి సెలవులకు వెళితే ఊళ్ళో ఒకటే గొడవ. నీరుగంటికి జ్వరం. రెండు రోజులుగా తూము దగ్గర మనిషి లేడు. ఆ సందు చూసుకుని, చీకట్లో ఒకాయన తూము ఎత్తి నీళ్ళన్నీ తన మళ్ళకు పారించుకున్నాడు. పొద్దున్నే పంచాయితీ. అందరూ కట్టుబాటు గురించే మాట్లాడుతున్నారు. మా తాతయ్య మాత్రం నన్ను పక్కకు పిలిచి, "కట్టుబాటు నీళ్ళు పారించదురా అబ్బోడా, నీరుగంటి కాళ్ళు పారిస్తాయి" అన్నాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం కావడానికి ముప్ఫై ఏళ్ళూ, ఒక బ్లాక్‌చెయినూ కావలసి వచ్చాయి.

ఈ సభలకు వచ్చినవాళ్ళలో సగం మందికి బ్లాక్‌చెయిన్ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. "ఇందులో మనిషి ప్రమేయం లేదు, బ్యాంకు లేదు, గుమాస్తా లేడు, అంతా ప్రోగ్రామే నడిపిస్తుంది" అని కూడా చెప్పి ఉంటారు. ఆ మాటలో నిజం ఉంది, కాని సగమే. మిగతా సగం గొలుసు బయట నిలబడి పని చేసేవాళ్ళ చరిత్ర. వాళ్ళను ఇంగ్లీషులో ఆఫ్-చెయిన్ ఆపరేటర్లు అంటారు. నేను నీరుగంట్లు అంటాను.

కదలని యంత్రం, చూడని యంత్రం

కథ 1990లలో మొదలవుతుంది. నిక్ సాబో అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు స్మార్ట్ కాంట్రాక్ట్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఒప్పందాన్ని లాయరు కాగితం మీద కాక ప్రోగ్రాముగా రాస్తే, దాన్ని అమలు చేయించడానికి కోర్టు అక్కరలేదు కదా అన్నది ఆయన ఆలోచన. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ మనం రోజూ ఆఫీసులో చూసే వెండింగ్ మెషీన్. నాణెం వేస్తే కోకు డబ్బా పడుతుంది, వాదోపవాదాలు లేవు. నేను ఈ ఉదాహరణ చదివినప్పుడల్లా ఒక సంగతి తడుతుంది. ఆ యంత్రంలో డబ్బాలు నింపేవాడు, లోపల చేరిన నాణేలు తీసుకుపోయేవాడు, ప్లగ్గు ఊడితే పెట్టేవాడు ఒకడున్నాడు. ఉదాహరణ చెప్పేటప్పుడు అతను ఎవరికీ గుర్తుకు రాడు.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అన్న పేరుతో ఎవరో 9 పేజీల పత్రం విడుదల చేశారు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాకు తయారైంది. ఊరి లెక్కల పుస్తకం కరణం ఇంట్లో ఒక్కటే ఉండే బదులు ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అదే ప్రతి ఉండి, కొత్త పద్దు పడ్డప్పుడల్లా అన్ని ప్రతులూ సరిపోల్చుకుంటే ఎలా ఉంటుందో బ్లాక్‌చెయిన్ అలాంటిది. ఒక ఇంట్లో పేజీ చింపినా, దిద్దినా లాభం లేదు, మిగతా ఇళ్ళు ఒప్పుకోవు.

2013 చివర్లో విటాలిక్ బ్యుటరిన్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఇంకో అడుగు వేశాడు. ఆ పుస్తకంలో పద్దులే ఎందుకు, ప్రోగ్రాములు కూడా రాద్దాం అన్నాడు. అదే ఈథీరియం. 2015 జూలై 30న మొదలైంది. సాబో ఊహించిన స్మార్ట్ కాంట్రాక్ట్‌కు అలా ఒక ఇల్లు దొరికింది.

ఇక్కడ రెండు ముఖ్యమైన విషయాలు చెప్పాలి. ఈ వ్యాసమంతా వాటి మీదే నిలబడి ఉంది.

మొదటిది: స్మార్ట్ కాంట్రాక్ట్ తనంతట తాను కదలదు. "ఫలానా తారీఖున ఈ డబ్బు ఆ ఖాతాకు పంపు" అని అందులో రాసుకోవచ్చు. కాని ఆ తారీఖు వచ్చినప్పుడు బయటి నుంచి ఎవరో ఒకరు సంతకం పెట్టి, గ్యాస్ అనే రుసుము కట్టి, దాన్ని తట్టి లేపాలి. లేపకపోతే ఆ తారీఖు వస్తుంది, పోతుంది, కాంట్రాక్టు కుంభకర్ణుడిలా పడుకునే ఉంటుంది.

రెండోది: స్మార్ట్ కాంట్రాక్ట్ బయటి ప్రపంచాన్ని చూడలేదు. ఇవాళ డాలరు ధర ఎంత, హైదరాబాదులో వాన పడిందా, విమానం ఆలస్యమైందా, ఏదీ దానికి తెలియదు. ఇది లోపం కాదు, కావాలని చేసిన కట్టడి. వేల కంప్యూటర్లు అదే ప్రోగ్రామును నడిపి అదే జవాబు రాబట్టాలి. ఒక్కొక్కటీ వెళ్ళి ఒక వెబ్‌సైటును అడిగితే, ఒకదానికి 10 గంటలకు ఒక ధర, ఇంకోదానికి 10 గంటల ఒక సెకనుకు ఇంకో ధర వస్తుంది. పుస్తకాలు సరిపోలవు. అందుకని తలుపులు మూసేశారు.

కదలదు, చూడదు. అంటే కదిలించేవాడు ఒకడు, చూసి చెప్పేవాడు ఒకడు కావాలి. గొలుసు బయటి ఉద్యోగాల చరిత్ర ఇక్కడే మొదలవుతుంది.

నిద్ర లేపేవాళ్ళు, సోదె చెప్పేవాళ్ళు

ఈథీరియం పుట్టిన 2015 లోనే పైపర్ మెరియమ్ అనే ప్రోగ్రామరు ఈథీరియం అలారం క్లాక్ అనే పథకం తయారు చేశాడు. పేరులోనే ఉంది సంగతి. "నా పనిని ఫలానా బ్లాకు దగ్గర చేయించండి, చేసినవాళ్ళకు ఇంత ఇస్తాను" అని ముందే డబ్బు పెట్టి ప్రకటిస్తారు. ప్రపంచంలో ఎవరైనా సరే, ఆ సమయానికి తమ కంప్యూటరుతో దాన్ని తట్టి లేపి ఆ డబ్బు తీసుకోవచ్చు. అది గడియారం అని పేరే గాని గడియారం కాదు. గడియారం చూసుకుని కూర్చున్న ఒక మనిషికి కూలి ఇచ్చే పద్ధతి. కూలి చాలకపోతే ఎవరూ లేపరు.

చూసి చెప్పేవాళ్ళకు ఒరాకిల్ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో దేవుడి మాట పలికేవాళ్ళ పేరు అది. మనకు కొత్తేమీ కాదు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు పచ్చి కుండ మీద నిలబడి రంగంలో భవిష్యవాణి చెప్పే సంప్రదాయం మనకుంది. పల్లెల్లో సోదె చెప్పేవాళ్ళున్నారు. తేడా ఏమిటంటే, సోదె తప్పితే మనం నవ్వుకుని ఊరుకుంటాం. ఇక్కడ ఆ మాట వినేది యంత్రం. దానికి నవ్వడం రాదు.

2019 జూన్ 25న ఇది ఎలా ఉంటుందో తెలిసింది. సింథెటిక్స్ అనే అప్లికేషన్ వివిధ దేశాల కరెన్సీల ధరలను ఒరాకిల్ ద్వారా తెప్పించుకునేది. దక్షిణ కొరియా వాన్ ధర ఇచ్చే ఒక వనరు అసలు ధర కంటే 1000 రెట్లు ఎక్కువ చెప్పింది. సరిచూడవలసిన మిగతా వనరులు సమయానికి అందలేదు. ఇలాంటి అవకాశాల కోసమే కాచుకుని ఉన్న ఒక బాట్ ప్రోగ్రాము గంటలోపే సుమారు 3 కోట్ల 70 లక్షల కృత్రిమ ఈథర్ లాభం రాసుకుంది. మనిషి గుమాస్తా ఉంటే, "ఇదేమిటి, ఒక్క పూటలో వెయ్యి రెట్లా?" అని కలం ఆపేవాడు. కాంట్రాక్టు ఆగలేదు. చివరకు ఆ బాట్ యజమానితో మాట్లాడి, కొంత బహుమానం ఇచ్చి, లావాదేవీలు వెనక్కి తిప్పించుకున్నారు. మనుషులు లేని వ్యవస్థను కాపాడింది ఇద్దరు మనుషుల మధ్య జరిగిన ఒక బేరం.

ఒక్కడి మాట నమ్మితే ఇదీ గతి అని అప్పటికే కొందరికి తెలుసు. సెర్గీ నజరోవ్, స్టీవ్ ఎల్లిస్, కార్నెల్ ప్రొఫెసరు ఆరీ జూయల్స్ కలిసి 2017లో చెయిన్‌లింక్ పత్రం రాశారు. వేరువేరు చోట్ల ఉన్న పలువురు ఆపరేటర్లు ఒకే ప్రశ్నకు జవాబు తెస్తారు, వాటిలో మధ్యనున్న దాన్ని తీసుకుంటారు. 2019 మే నెలాఖరులో అది ఈథీరియం మీద పనిలోకి వచ్చింది. ఒక్క సోదెమ్మను నమ్మే బదులు పదిమంది సాక్షులను పిలిచే పద్ధతి. మన రచ్చబండ పంచాయితీలూ అదే చేసేవి.

2020 మార్చి 12

ఇక అసలు కథకు వస్తాను. మేకర్ అనే అప్లికేషన్ 2017 డిసెంబరులో డై అనే నాణేన్ని విడుదల చేసింది. ఒక డై ఎప్పుడూ ఒక డాలరుకు దగ్గరగా ఉండాలన్నది లక్ష్యం. పద్ధతి మన తాకట్టు కొట్టు లాంటిదే. 150 డాలర్ల విలువైన ఈథర్ తాకట్టు పెడితే 100 డైల వరకూ అప్పు పుడుతుంది. ఈథర్ ధర పడిపోయి తాకట్టు విలువ ఆ 150 హద్దు కంటే దిగితే, తాకట్టు వస్తువును వేలం వేసి, అప్పూ జరిమానా పట్టుకుని, మిగిలింది సొంతదారుకు తిరిగి ఇస్తారు. రూలు న్యాయంగానే ఉంది.

కాని వేలం దానంతటదే మొదలు కాదు. ధర చెప్పేవాళ్ళు ఒరాకిల్స్. హద్దు దాటిన తాకట్టును కనిపెట్టి వేలానికి పెట్టేవాళ్ళు, పాట పాడేవాళ్ళు కీపర్లు. ఎవరైనా కీపరు కావచ్చు. మామూలు రోజుల్లో మార్కెట్టు కంటే కాస్త చౌకగా ఈథర్ దొరుకుతుంది కాబట్టి వాళ్ళకూ లాభమే. మేకర్ వాళ్ళెవరికీ జీతం ఇవ్వదు, ఎవరితోనూ ఒప్పందం లేదు. లాభం ఉంది కాబట్టి వస్తారు అన్నదే నమ్మకం.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మర్నాడు ప్రపంచ మార్కెట్లన్నీ కుప్పకూలాయి. 200 డాలర్లకు దగ్గరలో ఉన్న ఈథర్ ఒక్కరోజులో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకేసారి అమ్మాలని, అప్పు తీర్చాలని, తాకట్టు పెంచుకోవాలని ఎగబడ్డారు. గొలుసులో ఒక్కో బ్లాకుకు ఉన్న చోటు కొంచెమే. ముందు ఎవరి లావాదేవీ ఎక్కాలో తేల్చేది ఎవరు ఎక్కువ రుసుము కడతారన్నదే. గ్యాస్ రుసుము మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగిపోయింది.

చాలామంది కీపర్ల ప్రోగ్రాములు అంత రుసుము కట్టేట్టు రాసి లేవు. పంపిన పాటలు వరుసలో ఇరుక్కుపోయాయి. కొందరి దగ్గర వేలంలో పెట్టడానికి డై అయిపోయింది. వేలం పాటకు గడువా, 10 నిమిషాలు. ఆ 10 నిమిషాల్లో ఇంకో పాట రాకపోతే ఉన్న పాటే ఖాయం. ఇది గమనించిన కొందరు సున్నా డైలకు పాట పాడారు. అవును, సున్నా. పోటీకి ఎవరూ రాలేదు. ఒకటీ రెండూ కాదు, వందల వేలాలు ఇలాగే ముగిశాయి. సుమారు 83 లక్షల డాలర్ల విలువైన ఈథర్ ఊరికే పోయింది. వ్యవస్థకు 50 లక్షల డాలర్లకు పైగా లోటు పడింది.

గమనించండి, ఎవరూ దొంగతనం చేయలేదు. ఒక్క రూలు కూడా తప్పలేదు. ప్రోగ్రాము రాసింది రాసినట్టే నడిచింది. తూము దగ్గర మనిషి లేని రాత్రి ఎవరో ఒకరు నీళ్ళు మళ్ళించుకున్నారు, అంతే.

తాకట్టు పెట్టినవాళ్ళ సంగతి చూడండి. జరిమానా పోయినా ఎంతో కొంత తిరిగి వస్తుందనుకున్నవాళ్ళకు పూర్తిగా సున్నా వచ్చింది. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో దావా పడింది. నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలా అన్నది మేకర్ ఓటుదారుల ముందుకు వచ్చింది. 2020 సెప్టెంబరులో ఇవ్వనక్కరలేదని ఓటు వేశారు. ఊరి పంచాయితీలో కనీసం ఎదురుగా నిలబడి అడగవచ్చు. ఇక్కడ ఎవరి ఎదుట నిలబడాలి?

ఈ కథలో నాది కూడా ఒక చిన్న పాత్ర ఉంది. చెప్పుకోదగ్గది కాదు గాని, చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత ఉండదు. 2019లో సరదాకు నేను కూడా ఒక కీపరు ప్రోగ్రాము రాశాను. మేకర్‌కు కాదు, ఇంకో చిన్న అప్పుల అప్లికేషనుకు. మా బేస్‌మెంటులో పాత లాప్‌టాప్ మీద నడిచేది. నెలకు పిజ్జా ఖర్చు వచ్చేది. మార్చి 12న నేను పిల్లల స్కూలు మూసేస్తున్నారన్న హడావిడిలో, కాస్ట్‌కోలో బియ్యం బస్తాల వరుసలో ఉన్నాను. రాత్రికి ఇంటికొచ్చి చూస్తే నా ప్రోగ్రాము పొద్దున్నుంచీ ఒకే లావాదేవీని పంపుతూ, అది వెళ్ళక, మళ్ళీ పంపుతూ కూర్చుంది. కారణం, గ్యాస్ రుసుము ఇంతకు మించి కట్టవద్దని నేనే ఒక అంకె రాసిపెట్టాను. ఆ అంకె రాసినప్పుడు చాలా ఎక్కువే రాశాననుకున్నాను.

నేను ఎవరికీ మాట ఇవ్వలేదు, ఎవరి దగ్గరా జీతం తీసుకోలేదు. నన్నెవరూ తప్పు పట్టలేదు కూడా. కాని మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తాతయ్య మాట గుర్తొచ్చింది. ఆ రోజు జ్వరం వచ్చిన నీరుగంటిని నేనే. కాదు, ఆయన నిజంగా జ్వరంతో పడుకున్నాడు. నేను బియ్యం వరుసలో నిలబడ్డాను.

మేర కొలవడం నేర్చుకున్నారు

ఆ దెబ్బ తరువాత ఈ రంగంలో ఒక మార్పు వచ్చింది. గొలుసు బయటి పనివాళ్ళు "వస్తారులే" అనుకోవడం మాని, వాళ్ళకు పద్ధతిగా కూలి కట్టడం మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్‌లో మేకర్ వేలం పద్ధతినే మార్చింది. పాట కింది నుంచి పైకి కాక, ఎక్కువ ధర దగ్గర మొదలై క్షణక్షణం దిగుతుంది. ముందు సరే అన్నవాడిదే సరుకు. సున్నాకు దిగేలోగా ఎవరో ఒకరు పట్టుకుంటారు. చేతిలో డై లేనివాడు కూడా ఆ ఒక్క లావాదేవీ మట్టుకు అప్పు తెచ్చుకుని కొనవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చింది, వేలాన్ని మొదలుపెట్టిన కీపరుకు విడిగా ప్రతిఫలం ఏర్పాటు చేయడం. కళ్ళంలో తీసి పెట్టిన మేర అంటే అదే.

2020 అక్టోబరులో ఆంద్రే క్రోన్యే కీప్‌త్రీఆర్ అనే పథకం తెచ్చాడు. పనులున్నవాళ్ళు అక్కడ పని పెడతారు, చేయగలిగినవాళ్ళు చేసి డబ్బు తీసుకుంటారు. ఒకరకంగా కూలీల అడ్డా. 2021లో చెయిన్‌లింక్ కూడా కీపర్ల సేవ మొదలుపెట్టింది. ఈ మధ్య జామీను పద్ధతి కూడా వచ్చింది. ఐగెన్‌లేయర్ అనే వ్యవస్థలో పనివాడి పేరే ఆపరేటరు. ముందుగా డబ్బు జామీనుగా ఉంచాలి, మాట తప్పితే అందులోంచి కోత పడుతుంది. ఆ కోత పద్ధతి 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది.

కూలి ఇచ్చినంత మాత్రాన అంతా బాగుపడిపోలేదు. నీరుగంటికి సొంత మడి కూడా ఉంటే ఏమవుతుందో ఊహించండి. లావాదేవీలను వరుసలో పేర్చేవాళ్ళు, ఎవరు ఏం కొనబోతున్నారో ముందే చూసి తమ లావాదేవీని ముందు దూర్చగలరు. 2019లో ఫిల్ డయాన్, మరికొందరు కలిసి రాసిన ఫ్లాష్ బాయ్స్ 2.0 అనే పరిశోధన పత్రం ఈ చాటు ఆదాయానికి ఒక పేరు పెట్టింది. లోకానికి అది ఎం.ఈ.వి. అన్న మూడక్షరాలతో తెలుసు. 2020 చివర్లో పుట్టిన ఫ్లాష్‌బాట్స్ ఈ వ్యవహారాన్ని చీకట్లోంచి బహిరంగ వేలంలోకి తేవడానికి ప్రయత్నించింది. పూర్తిగా పోలేదు, కనిపించేట్టు అయింది. కనిపించడమూ మేలే.

తాళంచెవులు ఎవరి దగ్గర?

ఒక గొలుసు మీది డబ్బు ఇంకో గొలుసుకు పంపాలంటే మధ్యలో వంతెన కావాలి. ఆ గొలుసులో ఏం జరిగిందో ఈ గొలుసుకు కనబడదు కదా. "అక్కడ డబ్బు జమ అయింది, ఇక్కడ విడుదల చేయండి" అని సంతకాలు పెట్టేవాళ్ళు ఉండాలి.

యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆటకు రోనిన్ అనే గొలుసు, దానికో వంతెన. ఆ వంతెనకు 9 మంది సంతకందారులు. అందులో 5 సంతకాలు ఉంటే డబ్బు కదులుతుంది. వినడానికి బాగానే ఉంది. కాని 4 తాళంచెవులు ఆట తయారు చేసిన సంస్థ దగ్గరే ఉన్నాయి. ఐదోది ఇంకొకరిది. 2021 నవంబరులో పని ఎక్కువై, వాళ్ళ తరఫున సంతకం పెట్టే అనుమతి కూడా ఆ సంస్థే తాత్కాలికంగా తీసుకుంది. డిసెంబరులో అవసరం తీరింది గాని అనుమతి రద్దు చేయడం మరిచారు. మన ఇళ్ళలో పక్కింటివాళ్ళకిచ్చిన తాళంచెవి వెనక్కి తీసుకోవడం మరిచిపోతామే, అలాగ.

2022 మార్చి 23న ఒక చోటికి చొరబడిన దొంగలకు 5 సంతకాలూ దొరికాయి. 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అది ఉత్తర కొరియా ముఠా పని అని ఏప్రిల్‌లో ఎఫ్.బి.ఐ. ప్రకటించింది. నన్ను కలవరపెట్టింది దొంగతనం కంటే ఇంకో వివరం. ఆ సంగతి బయటపడింది మార్చి 29న, అదీ ఎవరో తమ డబ్బు తీసుకోబోతే రాకపోవడం వల్ల. ఆరు రోజులు చెరువు ఖాళీగా ఉంది, గట్టు మీదికి వెళ్ళి చూసినవాడు లేడు.

ఇంకా చిన్న సంగతి ఒకటి. మన ఫోనులోని వాలెట్ గొలుసుతో నేరుగా మాట్లాడుతుందని అనుకుంటాం. చాలా వాలెట్లు మధ్యలో ఒక కంపెనీ సర్వర్లను అడుగుతాయి. 2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా అనే అలాంటి సేవ పాత సాఫ్ట్‌వేరు వల్ల కొన్ని గంటలు తడబడింది. గొలుసు ఆగలేదు. అయినా ఎంతోమందికి ఆగినట్టే కనిపించింది, కొన్ని ఎక్స్ఛేంజీలు ఈథర్ చెల్లింపులు ఆపేశాయి కూడా. వేల ఇళ్ళలో పుస్తకం ఉన్నా, అందరూ ఒకే ఇంటికి వెళ్ళి చదువుకుంటే ఇంతే.

మనకెందుకీ గొడవ?

ఇదంతా క్రిప్టో కొన్నవాళ్ళ తలనొప్పి, మనకెందుకు అని అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది మన వృత్తి. మన తెలుగువాళ్ళలో ఎంతోమంది ఈ దేశానికి వచ్చింది వైటూకే రోజుల్లో. ఆ తరువాత వచ్చిన నాలాంటివాళ్ళు మొదట చేసింది ప్రొడక్షన్ సపోర్టు. బ్యాంకు రాత్రి పద్దులన్నీ ఆటోమేటిక్కే, కాని రాత్రి రెండింటికి ఒక జాబు ఆగితే పేజరు మోగేది మన తలగడ కిందే. "ఏమండీ, మీ బ్యాంకు తూము మూసుకుపోయినట్టుంది, లేవండి" అని మా ఆవిడ వేళాకోళం చేసేది. పొద్దున్న ఖాతాదారుకు తన జీతం జమ అయినట్టే కనబడేది, రాత్రి ఎవరు లేచారో తెలిసేది కాదు. ఆటోమేటిక్ అన్న మాట వెనుక ఎవరో ఒకరు నిద్ర లేచి ఉంటారని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

రెండోది మన నేల. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులను బ్లాక్‌చెయిన్‌లో పెట్టే ప్రయోగాలకు పూనుకుంది. ఇక్కడ కూర్చుని అక్కడి స్థలం ఎవరు కబ్జా చేస్తారోనని దిగులు పడేవాళ్ళు మనలో తక్కువ కాదు కాబట్టి, చెరపలేని రికార్డు అంటే ఆశ పుట్టడం సహజం. కాని గొలుసు సర్వేరాయిని చూడలేదు. పొలం కొలిచేది సర్వేయరు, నమోదు చేసేది ఒక ఉద్యోగి. కరణాల రాతల మీద విసిగి 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవి పోయింది గాని రాసే పని పోలేదు, ఇంకొకరి చేతికి వెళ్ళింది. గొలుసులోకి తప్పు రాత ఎక్కిస్తే అది చెరపలేని తప్పు అవుతుంది. కాబట్టి ఎవరు రాస్తారు, ఆ రాతను ఎవరు సరిచూస్తారు అన్నది పుస్తకం ఎంత గట్టిది అన్నదానికంటే ముందు అడగవలసిన ప్రశ్న.

నేను బ్లాక్‌చెయిన్‌కు వ్యతిరేకిని కాను. దిద్దలేని లెక్కల పుస్తకం గొప్ప విషయమే. అలారం క్లాక్ నుంచి జామీను దాకా ఈ పదేళ్ళలో జరిగింది కూడా చిన్న పని కాదు. దెబ్బ తగిలిన చోటల్లా మనిషిని గుర్తించి, అతని కూలి, అతని పూచీ లెక్కలోకి తెచ్చారు. అయితే ప్రతిసారీ ముందు ఎవరో నష్టపోయాకే ఆ గుర్తింపు వచ్చింది.

అందుకని ఒక విన్నపం. ఈ మూడు రోజుల్లో భోజనాల బల్ల దగ్గర ఎవరైనా "ఇందులో మనిషి ప్రమేయమే లేదండీ, పెట్టుబడి పెట్టండి" అంటే, వాళ్ళను నొప్పించకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. తూము తీసేదెవరు? అతని మేర ఎవరిస్తారు? అతను రాని రోజు ఇంకెవరు వస్తారు? నీళ్ళు పక్కదారి పడితే ఎవరి ఇంటికి వెళ్ళి అడగాలి? నాలుగింటికీ జవాబు ఉంటే ఆ వ్యవస్థ నిలబడుతుంది. జవాబు రాకపోతే ఆ రోజుకు ఐస్‌క్రీము తిని లేచి రావడం మంచిది.

రెండేళ్ళ క్రితం ఊరికి వెళ్ళాను. చెరువు కింద ఇప్పుడు చాలావరకు బోర్లే, మామిడి తోటలే. నీరుగంటి కుటుంబం తిరుపతి వెళ్ళిపోయిందట. తూము మాత్రం అలాగే ఉంది, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నా కొడుకు దాన్ని కదపబోయి, "హౌ డజ్ ఇట్ వర్క్, నాన్నా?" అన్నాడు. చాలాసేపు వాడికి చెరువు, కాలువ, వంతులు, మేర అన్నీ చెప్పాను. అంతా విని వాడు అడిగింది ఒక్కటే, "అయితే ఆ తాత పేరేంటి?"

నాకు తెలియదు. అందరం నీరుగంటి అనే పిలిచాం. ఈసారి వెళ్ళినప్పుడు తిరుపతిలో కనుక్కుంటానని వాడికి మాట ఇచ్చాను. మీ ఊరి నీరుగంటి పేరు మీకు తెలిస్తే, ఈ సభలు ముగిసేలోగా మీ పిల్లలకు ఒకసారి చెబుతారని ఆశిస్తూ, సెలవు.